కంటైనర్ గైడ్‌లను తాజాగా ఉంచడం: నా అనుభవం

మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే కంటైనర్ గైడ్‌లను చూసుకునే పని నాకు అప్పగించారు. అప్లికేషన్‌ను దానికి కావలసినవన్నీ కలిపి కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే సాధనం డాకర్. పైథాన్, నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపేది), జావా అప్లికేషన్లను అందులో ఎలా నడపాలో చెప్పే పేజీలవి. చదివితే ఎక్కడా తప్పు కనిపించదు. ఆ పేజీ తెరుచుకుని కూర్చున్న కొత్త అమ్మాయికి మాత్రం మొదటి బిల్డే (కంటైనర్‌కు కావలసిన ఇమేజ్ తయారీ) ఆగిపోయింది. "అక్కా, మీ ల్యాప్‌టాప్‌లో వస్తోంది కదా, నాకెందుకు రావట్లేదు?" అని అడిగింది.

కారణం క్యాష్, అంటే పాత బిల్డ్‌లో తయారైనదాన్ని దాచుకుని మళ్లీ వాడుకోవడం. పైథాన్ పేజీలో బేస్ ఇమేజ్ (మన ఇమేజ్‌కు పునాదిగా తీసుకునేది) 3.8-స్లిమ్-బస్టర్ అని ఉంది. బస్టర్ అంటే డెబియన్ 10 అనే లినక్స్ వెర్షన్. దాని దీర్ఘకాలిక మద్దతు 2024 జూన్‌తో అయిపోయింది, తర్వాత ప్యాకేజీలు మామూలు సర్వర్ల నుంచి ఆర్కైవ్‌కు వెళ్లిపోయాయి. కొత్త మెషీన్‌లో ప్యాకేజీల జాబితా తెచ్చే ఏపీటీ-గెట్ అప్‌డేట్ లైను దగ్గర 404 (దొరకలేదు) అని వస్తోంది. మా పాత ల్యాప్‌టాప్‌లలో ఆ లైనుతో తయారయ్యే లేయర్ (ఇమేజ్‌లో ఒక పొర) ఎప్పుడో తయారై ఉంది కాబట్టి డాకర్ దాన్నే వాడుకుంటోంది, ఆ లైను మళ్లీ నడవడమే లేదు. అందుకే మాలో ఎవరికీ తెలియలేదు. అప్పటి నుంచి నా లెక్కలో గైడ్ సరిచూడటమంటే ఒకటే: ఖాళీ మెషీన్‌లో, నో-క్యాష్, పుల్ ఆప్షన్లు (దాచుకున్నది వాడకుండా, బేస్ ఇమేజ్‌ను మళ్లీ తెచ్చుకోమని చెప్పేవి) పెట్టి, పేజీలో ఉన్నది ఉన్నట్టు నడపడం.

కంపోజ్ (ఒకటికి మించిన కంటైనర్లను కలిపి నడిపేది) పేజీ తేలిగ్గానే తెమిలింది. హైఫన్‌తో రాసే పాత డాకర్-కంపోజ్‌కు 2023 జూలై నుంచి అప్‌డేట్లు లేవు. ఇప్పుడు హైఫన్ తీసేసి, మధ్యలో ఖాళీ వదిలి కొట్టాలి. ఫైలు మొదట్లో ఉండే వెర్షన్ లైను కూడా అక్కర్లేదు. నోడ్ పేజీలో వెర్షన్ 16ను తీసేశాను, 2023 సెప్టెంబరుతోనే దాని గడువు తీరింది.

నన్ను నిజంగా భయపెట్టింది జావా పేజీ. అక్కడ అన్నీ పనిచేశాయి! అందులో వాడింది డాకర్ హబ్‌లోని (ఇమేజ్‌లు దొరికే ఆన్‌లైన్ చోటు) ఓపెన్‌జేడీకే అనే జావా అఫీషియల్ ఇమేజ్. 2022లోనే దాన్ని పక్కన పెట్టేశారు. అందులోని జావా 17 ట్యాగ్ (ఇమేజ్ వెర్షన్‌కు పెట్టే పేరు) ఇప్పటికీ డౌన్‌లోడ్ అవుతుంది, అప్లికేషన్ లేస్తుంది, ఎర్ర అక్షరం ఒక్కటీ కనిపించదు. కానీ జావాకు మూడు నెలలకోసారి వచ్చే భద్రతా సవరణలేవీ అందులోకి చేరవు. బిల్డ్ పడిపోతే ఎవరో ఒకరు అడుగుతారు. ఇలా పాతబడిన పేజీ గురించి అడిగేవారే ఉండరు. ఎక్లిప్స్ టెమురిన్ అనే మరో జావా ఇమేజ్‌కు మార్చడానికి ఒక్క లైను చాలింది, ఆ లైను మార్చాలని తెలియడమే కష్టం.

ఒకసారి సరిదిద్దితే సరిపోదు కాబట్టి పేజీల్లో అతికించిన కోడ్ అంతా తీసేశాం. డాకర్‌ఫైళ్లు (ఇమేజ్ ఎలా తయారుచేయాలో చెప్పే ఫైళ్లు) రెపోలో, అంటే కోడ్ దాచే చోట, నిజమైన ఫైళ్లుగా ఉంటాయి, పేజీ వాటిలోంచే తెచ్చి చూపిస్తుంది. వారానికోసారి సీఐ (కోడ్‌ను దానంతటదే పరీక్షించే వ్యవస్థ) వాటిని క్యాష్ లేకుండా బిల్డ్ చేసి, కంటైనర్ లేపి, అప్లికేషన్ జవాబిస్తోందో లేదో చూస్తుంది. బేస్ ఇమేజ్‌కు కొత్త ట్యాగ్ వస్తే డిపెండాబాట్ అనే బాట్ ఆ మార్పును చేర్చమని పుల్ రిక్వెస్ట్ పెడుతుంది. అయితే వాక్యాల్లో రాసిన "3.8" దానికి పట్టదు. అందుకని వివరణల్లోంచి అంకెలన్నీ తీసేసి, కారణాలు మాత్రం ఉంచాను. ఉదాహరణకు, ఆల్పైన్ (చిన్న లినక్స్) మీద కట్టిన ఇమేజ్ కాకుండా డెబియన్ మీద కట్టిన స్లిమ్ ఎందుకంటే ఆల్పైన్‌లో గ్లిబ్‌సీ అనే సీ లైబ్రరీ బదులు మజల్ అనే మరొకటి ఉంటుంది. మజల్‌కు సరిపడే వీల్ (ముందే కంపైల్ చేసి పెట్టిన ప్యాకేజీ ఫైలు) లేని పైథాన్ ప్యాకేజీలను అక్కడే కంపైల్ చేసుకోవాల్సి వస్తుంది. ఇలాంటి మాట వెర్షన్ మారినా నిలుస్తుంది.

"ఇంత గొడవెందుకు, లేటెస్ట్ అని పెట్టేస్తే పోలా?" అన్నాడు ఒక సహోద్యోగి. వెర్షన్ అంకె బదులు, ఎప్పుడూ కొత్తదాన్ని చూపే లేటెస్ట్ ట్యాగ్ వాడదామని అతని ఉద్దేశం. నేను ఒప్పుకోలేదు. ఇవాళ నడిచిన గైడ్ రేపు ఎవరూ ముట్టుకోకుండానే ఆగిపోవచ్చు, ఏం మారిందో వెతకడానికి ఆధారం కూడా మిగలదు. దానికి బదులు క్యాలెండర్‌లో గుర్తులు పెట్టుకున్నాం: పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులో వస్తుంది, నోడ్‌లో దీర్ఘకాలిక మద్దతు ఉండే వెర్షన్ ఏప్రిల్ ప్రాంతంలో వస్తుంది.

పైథాన్ 2.7 పేజీని పూర్తిగా తొలగించాలనుకున్నాను. పాత సర్వీసు ఒకటి ఇంకా దానిమీదే నడుస్తోందని, రాత్రిపూట అది పడిపోతే చూసుకోవడానికి ఆ పేజీ ఒక్కటే దిక్కని ఆపరేషన్స్‌వాళ్లు చెప్పారు. వాళ్ల మాట సబబే. పేజీని ఉంచి, పైన పెద్ద అక్షరాలతో రాశాం: "2020 జనవరి నుంచి దీనికి మద్దతు లేదు. కొత్త పనికి వాడొద్దు."