ఏడో సీసాలో గోధుమరంగు

చెన్నై సెంట్రల్ నుంచి హార్బర్ గేటుకి ఆటోవాడు 350 అడిగాడు. ఆ కాస్త దూరానికి అది నిలువు దోపిడీయే. అయినా సముద్రపు నీళ్ల నమూనాల కోసం రెండు పెట్టెల గాజు సీసాలు పట్టుకున్నవాళ్లు ఏం బేరమాడతారు? ఆపైన గేటు పాసు కోసం మూడు గంటలు ఎండలో నిలబడాలి. ఓడ కదలడానికి గంట ముందే అవొమిన్ మాత్ర పడాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే మాత్ర కూడా బయటికే వస్తుంది. మొదటి మూడు రోజుల్లో అన్నం, సాంబారు, నీళ్లు తప్ప చెప్పుకోడానికేమీ లేదు.

నాలుగో రాత్రి, బంగాళాఖాతం నడిమధ్య స్టేషన్, అంటే నీళ్లు పట్టడానికి ఓడ ఆగే చోటు. గాలి సీటీడీ యంత్రం దించే వైపు నుంచే వచ్చేలా కెప్టెన్ ఓడని నిలబెట్టాడు. అలా అయితేనే ఓడ ఆ యంత్రం వేలాడే వైరుకి దూరంగా జరుగుతుంది. లేకపోతే వైరు ఓడ అడుగుకి రాసుకుంటుంది.

సీటీడీ నీటి ఉప్పదనం, వేడి, లోతు కొలుస్తూ దిగే యంత్రం. దాని చుట్టూ గుండ్రటి చట్రంలో లోతు నీళ్లు పట్టే 12 నిస్కిన్ బాటిళ్లు, ఒక్కోటి 10 లీటర్లది. రెండు మూతలూ తెరుచుకునే కిందికి వెళ్తాయి. దించేముందు ప్రతి బాటిల్‌కీ పైన గాలిమర (లోపలికి గాలి వదిలే స్క్రూ) బిగిసిందా, కింద కుళాయి మూసుందా చేత్తో తాకి చూడాలి. కంటితో చూస్తే చాలదు.

ముందు 10 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆపుతారు. యంత్రంలోని పంపు పని అందుకుని దాని గొట్టాల్లో గాలి బుడగలు పోవాలి. తర్వాత నిమిషానికి 60 మీటర్ల చొప్పున 2000 మీటర్లకి దిగడానికి అరగంట పైనే. బాటిళ్లు మూసేది పైకి వచ్చేటప్పుడు. ప్రతి లోతులోనూ కనీసం అర నిమిషం ఆగి మూయాలి, ఎందుకంటే చట్రం కింది నీళ్లని వెంట లాక్కొస్తుంది. ఆగకుండా మూస్తే ఆ కింది నీళ్లే దొరుకుతాయి.

"సార్, వైరు వాలుతోంది, ఆపనా?" అని వైరు లాగే వించ్ దగ్గరున్న భీమిలి ఆయన వాకీటాకీలో అడిగాడు. ఆపించి, ఓడని సర్దాక మళ్లీ లాగారు. ఈ ఆలస్యంతో డెక్ మీద అందరికీ తొందర పుట్టింది. తప్పు అక్కడ జరిగింది.

బాటిల్ పైకి రాగానే గాలిమర తీయకుండా ముందు కుళాయి లాగి చూడాలి. చుక్క పడకపోతే బాటిల్ గట్టిగా ఉన్నట్టు, ధార కడితే ఎక్కడో గాలి దూరుతున్నట్టు. ఆ రాత్రి ఏడో బాటిల్‌కి ముందు గాలిమరే తీసేశారు. పరీక్ష పోయింది.

మొదట పట్టేది ఆక్సిజన్ నమూనా. బాటిల్లో నీళ్లు తగ్గేకొద్దీ పైనుంచి గాలి చేరుతుంది కాబట్టి వాయువులవి ముందు, ఉప్పు నమూనా చివర. రబ్బరు గొట్టంలో బుడగ లేకుండా నొక్కి, కొసని సీసా అడుగుకి ఆనించి, సీసా మూడు రెట్లు పొర్లిపోయేదాకా నింపాలి. నీటి వేడి రాసుకోవాలి. పిపెట్ కొస నీళ్లలో ముంచి మాంగనీస్ ద్రావణం 1 మిల్లీలీటరు, క్షార అయొడైడ్ 1 మిల్లీలీటరు వేసి, బుడగ చిక్కకుండా బిరడా పెట్టి కుదపాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి, లేకపోతే సున్నంలా తెల్లటి మడ్డి.

బంగాళాఖాతంలో 100 మీటర్లు దాటాక కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ దాదాపు లేదు. 400 మీటర్ల ఆరో సీసా తెల్లగా ఉంది. 200 మీటర్ల ఎనిమిదో సీసా తెల్లగా ఉంది. మధ్యలో 300 మీటర్ల ఏడో సీసా పల్చటి బెల్లం నీళ్ల రంగులో ఉంది. రాసుకున్న వేడి చూస్తే, ఆరుకీ ఎనిమిదికీ మధ్య ఉండాల్సింది ఎనిమిది కన్నా వెచ్చగా ఉంది. అంటే పైనీళ్లు కలిశాయి.

ఏడో బాటిల్ మూత విప్పితే, నీళ్లు కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ మీద వెంట్రుకంత చీలిక, పక్కన ఒక ఉప్పు పలుకు. ఇంట్లో ఆవకాయ జాడీకి వాసెన కట్టేముందు అంచుని పొడిగుడ్డతో తుడుస్తారే, ఆ పాటి శ్రద్ధ ప్రతి స్టేషన్ తర్వాతా మంచినీళ్లతో ఈ రింగులకి చేయాలి. 1960ల్లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో ఐఎన్‌ఎస్ కిస్ట్నా మీద తిరిగినవాళ్ల కాలంలో వైరు వెంట ఇత్తడి బరువు జార్చి బాటిళ్లు మూసేవాళ్లు. కారితే పట్టుకునే దారి అప్పుడూ పక్క సీసాలతో పోల్చి చూడటమే.

ఆ అంకె కొట్టేయకూడదు. లాగ్‌షీట్‌లో బాటిల్ పక్కన 3, అంటే కారింది. ఆక్సిజన్ పక్కన 4, అంటే చెడ్డది. ఇక్కడ నీటిలో మిగిలింది నానోమోలార్లనే అతి చిన్న కొలతల్లో లెక్కించే ఆక్సిజన్ జాడ మాత్రమే. అది కూడా పోతే అరేబియా సముద్రంలోలా సూక్ష్మజీవులు నైట్రేట్‌ని నత్రజనిగా మార్చి వదిలేస్తాయి. అలాంటి చోట ఒక గోధుమరంగు సీసాని నమ్మితే సముద్రం గురించే అబద్ధం రాసినట్టు. హైదరాబాద్ ప్రగతినగర్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు చూసే ఆర్గో ఫ్లోట్లు, అంటే సముద్రంలో వాటంతటవే మునిగి తేలే యంత్రాలు, పది రోజులకోసారి 2000 మీటర్ల నుంచి పైకొచ్చి అంకెలు పంపుతాయి. వాటిని సరిచూసుకోవడానికి పనికొచ్చేవి ఇలా ఓడ మీద చేత్తో పట్టిన నీళ్లే.

రింగు మార్చి, సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, తెల్లవారుజామున 4 గంటల వాచ్‌కి (డ్యూటీ వంతుకి) మళ్లీ దించారు. ఈసారి ముందు కుళాయే లాగారు, చుక్క పడలేదు. ఆరు, ఏడు, ఎనిమిది మూడూ తెల్లగా దిగాయి.