కళింగపట్నం మీద నడిచిన చుక్క

1984 ఏప్రిల్‌లో మా నాన్న చీపురుపల్లి దగ్గర ఒక బళ్లో కొత్తగా చేరిన లెక్కల మాస్టారు. రాకేశ్ శర్మ సోవియట్ నౌక సోయుజ్ టీ-11లో సాల్యూట్-7 అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన కబురు రేడియోలో విని, మర్నాడు పిల్లలకి బోర్డు మీద బొమ్మ వేసి చూపించారట. "వినడమే గానీ కళ్లారా చూడలేదురా" అని ఇప్పటికీ అంటుంటారు. 2025 జూన్ 25న మన శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి (స్టేషన్‌కి) బయల్దేరగానే, ఈసారి ఆ స్టేషన్‌ని నాన్నకి చూపించి తీరాలనుకున్నాను.

ఆ ప్రయాణం మే 29న జరగాల్సింది. రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీకు, తర్వాత స్టేషన్‌లోని రష్యా విభాగంలో లీకు. వాయిదా పడ్డ ప్రతిసారీ మా ఇంట్లో టెన్షనే.

జూలైలో ఒక సాయంత్రం స్టేషన్ మా వైపు కనిపిస్తుందని నాసా యాప్‌లో చూసి, అమ్మానాన్నల్ని కారెక్కించుకుని విజయనగరం నుంచి బయల్దేరాను. ఊళ్లో వీధి దీపాల వెలుగెక్కువ. కళింగపట్నం ఒడ్డునైతే తూర్పంతా సముద్రమే.

దారిలో అరసవల్లిలో ఆగాం. మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని రోజులు పొద్దుటి కిరణాలు నేరుగా స్వామి పాదాల మీద పడే గుడి అది. బయటికొచ్చాక అమ్మ, "చీకటి పడ్డాక ఆ స్టేషన్ ఎలా కనిపిస్తుందండీ?" అంది.

"మనకి పొద్దు గూకినా, నాలుగొందల కిలోమీటర్ల ఎత్తున దానికింకా ఎండే. ఆ ఎండ పడే మెరుస్తుంది" అన్నారు నాన్న. అమ్మ వెనక్కి తిరిగి గోపురానికి మరోసారి దణ్ణం పెట్టుకుంది.

ఒడ్డుకు చేరేసరికి పడమట మబ్బు పట్టి ఉంది. నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. లైట్‌హౌస్‌కి కాస్త దూరంలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన, "ఏటి బాబూ, అలా మీదికి సూస్తన్నారు?" అన్నాడు. చెప్పాను. "మనోడున్నాడా అందులో!" అని వల పక్కన పడేసి వచ్చి మాతో నిలబడ్డాడు.

మబ్బు అంచు దాటి వచ్చింది చుక్క. మిణుకు లేదు, చప్పుడు లేదు. శుక్రుడంత వెలుగుతో తిన్నగా నడిచి వస్తోంది. నాన్న చూపుడు వేలు దాని వెంటే తిరుగుతోంది. వేలు వణుకుతోంది.

"పదకొండు మందిరా అందులో" అన్నారు.

ముందు నుంచీ ఉన్నవాళ్లు ఏడుగురు, శుక్లాతో కలిపి ఆక్సియం-4 అనే యాత్రలో వెళ్లినవాళ్లు నలుగురు. పెగ్గీ విట్సన్ కమాండర్, మన శుక్లా పైలట్, మిగతా ఇద్దరిదీ పోలండ్, హంగరీ. ఆ రెండు దేశాలవాళ్లూ మనలాగే ఒకప్పుడు సోవియట్ నౌకల్లో అతిథులుగా వెళ్లినవాళ్లే. పోలండ్ 1978లో, హంగరీ 1980లో. మళ్లీ ఇన్నేళ్లకి మూడు దేశాలవాళ్లూ ఒకే నౌకలో వెళ్లడం నాకెంత నచ్చిందో చెప్పలేను.

సముద్రం మీదికి వెళ్లిందో లేదో, చుక్క కాస్త ఎర్రబడి ఆరిపోయింది. భూమి నీడలోకి వెళ్లిపోయింది. అది మాయమైన చోటే నాన్న చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. పెద్దాయన కూడా కదల్లేదు.

తిరుగు ప్రయాణంలో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. శ్రీకాకుళం దాటాక అమ్మే అడిగింది, "అక్కడ పెసలు, మెంతులు మొలకెత్తిస్తున్నారని టీవీలో చెప్పారు కదా. కిందా మీదా లేనిచోట మొలక ఎటు పెరుగుతుందిరా?"

నాన్న కారులో లైటు వేయించి, జేబులోంచి పెన్ను తీసి, అరసవల్లి ప్రసాదం పొట్లం కాగితం మీద గింజ బొమ్మ గీయడం మొదలుపెట్టారు.