సిండికేట్ గదిలో సబ్సిడీ లెక్క

ఆర్థిక శాఖలో కొన్నేళ్లు పనిచేస్తే చేతికి ఒక అలవాటు పడుతుంది. ఫైలు వస్తుంది, కొర్రీ వేస్తాం, తిరిగి పంపుతాం. అవతలి శాఖ వాళ్లతో ఎదురుగా కూర్చుని వాదించే అవసరం పెద్దగా రాదు. నన్ను అలా కూర్చోబెట్టింది హైదరాబాద్ రాజ్‌భవన్ రోడ్డులోని మన స్టాఫ్ కాలేజీయే, అంటే అధికారులకు, మేనేజర్లకు ట్రైనింగ్ ఇచ్చే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఆఫ్ ఇండియా.

1956లో ఇంగ్లండ్‌లోని హెన్లీ కాలేజీ నమూనాలో ఏర్పడిన సంస్థ ఇది. బేరార్ యువరాజు ఉన్న బెల్లా విస్టా భవనం దీనికి ఇల్లయింది. తొలినాళ్ల ప్రిన్సిపల్ జనరల్ శ్రీనగేష్ అంతకుముందు సైన్యాధిపతి. భవనం అందం గురించి చాలామంది రాస్తారు కాబట్టి నేను సిండికేట్ గురించే చెబుతాను. ప్రభుత్వం, బ్యాంకులు, ప్రైవేటు కంపెనీల నుంచి వచ్చినవాళ్లను ఒక చిన్న జట్టుగా కలిపి ఒక అంశం ఇస్తారు, ఆ జట్టే సిండికేట్. జట్టులో ఒకరు ఛైర్మన్, ఒకరు సెక్రటరీ. అంశం మారితే వాళ్లూ మారతారు. చివరికి అందరూ ఒప్పుకున్న రిపోర్టును మిగతా జట్ల ముందు సమర్థించుకోవాలి.

నేను వెళ్లింది 1999లో. ఆ ఫిబ్రవరిలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కోగా విడిపోయింది. మా జట్టుకు కరెంటు సబ్సిడీ అంశం ఇచ్చి, నన్ను ఛైర్మన్‌ని చేశారు. సబ్సిడీ మొత్తం ఎంతో ముందు తేల్చుకుందామన్నాను. ఒక విద్యుత్ ఇంజినీరు లేచి బోర్డు మీద మూడు గళ్లు గీశారు. ఉత్పత్తి చేసింది, కొన్నది మొదటి గడి. మీటరు మీద అమ్మింది రెండోది. మిగిలిందంతా మూడోది. పొలాల్లో పంపుసెట్లకు మీటర్లు లేవు, మోటారు హార్స్‌పవర్‌కి ఇంత అని బిల్లు. అందుకని ఆ మూడో గడిలో రైతు వాడింది ఎంత, లైన్‌లాస్ (దారిలో పోయే కరెంటు) ఎంత అన్నది అంచనాయే. "రైతు పేరున ఎక్కువ రాస్తే నష్టం తగ్గినట్టు కనపడుతుంది, మీ సబ్సిడీ పెరుగుతుంది" అన్నారాయన. బడ్జెట్‌లో మేం గట్టి అంకె అనుకునేది నిలబడి ఉన్నది ఆ అంచనా మీదేనని అక్కడున్న ఆర్థిక శాఖల వాళ్లందరికీ అర్థమైంది.

తర్వాత అందరూ అందుకున్నారు. సిమెంటు కంపెనీ మేనేజరు, రైతుకిచ్చే రాయితీలో కొంత తమ టారిఫ్‌లోంచే పోతోందన్నారు. ఒరిస్సా అధికారి తమ దగ్గర 1996లోనే మొదలైన సంస్కరణల అనుభవం చెప్పారు. వాళ్లలో ఎవరిది ఒప్పో తేల్చడం ఛైర్మన్ పని కాదు, అందరూ సంతకం పెట్టగల వాక్యం రాబట్టడం అతని పని. ముందు ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర శాంపిల్ మీటర్లు పెట్టి వాడకం కొలవాలి, ఛార్జీల సంగతి ఆ తర్వాతే అన్న ఒక్క వాక్యానికి రాత్రి భోజనాల వేళ దాటింది.

ఇక్కడ ప్రిన్సిపల్‌గా పనిచేసిన ఎం. నరసింహం గారి 1991 బ్యాంకింగ్ సంస్కరణల కమిటీ నివేదికను నేను శ్రద్ధగా చదివింది ఆ రోజుల్లోనే. బ్యాంకులు తమ డిపాజిట్లలో తప్పనిసరిగా ప్రభుత్వ బాండ్ల వంటి వాటిలో ఉంచాల్సిన వాటా ఎస్‌ఎల్‌ఆర్. 38.5 శాతం ఉన్న దాన్ని ఐదేళ్లలో 25 శాతానికి దించమన్నారు. ఎంత దించాలో, ఎంతకాలంలో దించాలో రెండూ ఉన్నాయి. మా రిపోర్టులో అలాంటి గడువు లేదని, జట్లన్నీ కూర్చునే ప్లీనరీలో పట్టుకున్నారు. దానికంటే గట్టిగా తగిలింది ఇంకో ప్రశ్న: ఛార్జీలు పెరుగుతాయని జనానికి ఎవరు చెబుతారు, ఎప్పుడు చెబుతారు?

2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఛార్జీల పెంపు మీద ఆందోళన చేస్తున్నవాళ్లపై కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఛార్జీలు, సబ్సిడీల మీద నేను రాసిన ప్రతి నోట్‌లో ఆ ప్రశ్నకు ఒక పేరా కేటాయించాను. పైవాళ్లు కొన్నిసార్లు కొట్టేశారు, అయినా రాశాను.

ఇప్పుడు అధికారులకు వారం మించి ట్రైనింగ్‌కి సెలవు దొరకడం కష్టం. స్లైడ్లు తగ్గించుకున్నా సరే, సిండికేట్‌ను మాత్రం తగ్గించవద్దని కాలేజీకి నా మనవి. మా జట్టులో లేనిది రైతు గొంతు. విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ మీద ఏటా బహిరంగ విచారణ జరుపుతుంది, రైతు సంఘాల వాళ్లు వచ్చి మాట్లాడతారు. ఆర్థిక విధానాల మీద ట్రైనింగ్‌కి వచ్చే ప్రతి బ్యాచ్‌నూ ఒక రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడ కూర్చోబెట్టి, ఆ తర్వాతే రిపోర్టు రాయించండి.