ఆ నల్లచుక్కలు ఎవరివి?

బెంగళూరు మారతహళ్లిలో మాది చిన్న ఆఫీసు. ఒక క్లయింటుకి ఉద్యోగుల వివరాల అప్లికేషన్ చేసి ఇచ్చాం. రెండో వారం నుంచి ఫోన్లు మొదలు, "నా పాస్‌వర్డ్ పనిచేయట్లేదు" అని. అందరికీ కాదు, రోజుకి ఇద్దరికో ముగ్గురికో. క్యాప్స్ లాక్ చూసుకోండి అని మొదటిరోజు ధీమాగా చెప్పాను, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

కోడ్‌లో నాకు తప్పేమీ కనబడలేదు. ఎడిట్ పేజీలో పాస్‌వర్డ్ గడి ఖాళీగా వస్తే పాతదాన్ని ముట్టుకోకూడదు, ఏమైనా ఉంటే హ్యాష్ చేసి, అంటే గుర్తుపట్టలేని అక్షరాల వరసగా మార్చి, సేవ్ చేయాలి, అంతే. పాత పాస్‌వర్డ్ తెచ్చి అక్కడ చూపించడం ఎలాగూ కుదరదు, మన దగ్గరుండేది హ్యాషే కదా, దాన్ని వెనక్కి తిప్పలేం. కాబట్టి ఎవరైనా టైప్ చేస్తే తప్ప ఆ గడి ఖాళీగానే ఉంటుందని నా నమ్మకం. నా సిస్టమ్‌లో అలాగే ఉండేది కూడా.

మూడోరోజు లాగ్‌లు, అంటే ఎవరు ఏం చేశారో నమోదయ్యే చిట్టా, తిరగేస్తే, ఇబ్బంది పడ్డవాళ్లందరి రికార్డులూ సేవ్ చేసింది ఒక్కరే: క్లయింటు దగ్గర అకౌంట్స్ చూసే అక్క. జయనగర్‌లో వాళ్ల ఆఫీసు, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటేసరికే నా ఓపిక సగం అయిపోయింది. అక్కది అనంతపురం. "ఫోన్ నంబరే కదప్పా నేను మార్చింది" అంటూ ఒక రికార్డు తెరిచింది. కింద పాస్‌వర్డ్ గడిలో తొమ్మిది నల్లచుక్కలు. "అది వాళ్లది, నేను దాని జోలికే పోను" అంది. పక్కనున్న కంటి గుర్తు నొక్కాను. ఒక్క క్షణం చూసి, "అయ్యో, ఇది నాది కదప్పా!" అని అరచేత్తో స్క్రీన్ మూసేసింది.

ఎప్పుడో ఆమె లాగిన్ అయినప్పుడు క్రోమ్ పాస్‌వర్డ్ దాచుకుంది. అదే సైటులో ఇంకో పాస్‌వర్డ్ గడి కనబడగానే పాపం సాయం చేద్దామని నింపేసింది. అక్క సేవ్ నొక్కగానే ఆమె పాస్‌వర్డే ఆ ఉద్యోగి పాస్‌వర్డ్ అయిపోయింది. నేనేమో ఎప్పుడూ ఇన్‌కాగ్నిటోలో టెస్ట్ చేస్తాను, అక్కడ ఏదీ సేవ్ అవదు.

ఆ గడిని బ్రౌజర్ తనంతట తాను నింపకుండా కోడ్‌లో ఆటోకంప్లీట్ ఆఫ్ పెట్టాను, పాస్‌వర్డ్ గడుల విషయంలో క్రోమ్ దాన్ని లెక్కచేయదు. దాని బదులు, ఇది కొత్త పాస్‌వర్డ్ గడి అని చెప్పే 'న్యూ-పాస్‌వర్డ్' పెడితే నింపడం ఆగింది గానీ, ఫోన్ నంబరు మార్చడానికి వచ్చిన అక్కకి గట్టి పాస్‌వర్డ్ సూచించమంటారా అని అడగడం మొదలెట్టింది. చివరికి ఆ గడినే పీకేశాను. ఇప్పుడక్కడ ఒక బటనే ఉంది, నొక్కితే ఆ ఉద్యోగి మెయిల్‌కి రీసెట్ లింకు వెళ్తుంది, కొత్త పాస్‌వర్డ్ ఎవరిది వాళ్లే పెట్టుకుంటారు.

ఎంతమందివి మారాయో డేటాబేస్ చూస్తే తెలియలేదు. మేం హ్యాష్ చేసే పద్ధతి బీక్రిప్ట్‌లో ఒక్కొక్కరికీ వేరే సాల్ట్ (పాస్‌వర్డ్‌కి కలిపే యాదృచ్ఛిక అక్షరాలు) కాబట్టి ఒకే పాస్‌వర్డయినా హ్యాష్‌లు వేరువేరుగా ఉంటాయి. అక్క సేవ్ చేసిన రికార్డులన్నింటికీ రీసెట్ లింకులు పంపేశాను. అక్క కూడా తనది మార్చుకుంది. సేవ్ చేయమంటారా అని క్రోమ్ అడిగితే, నావైపు ఓ చూపు చూసి "వద్దు" నొక్కింది.