టర్బో పోయిందన్నారు, చిరిగింది గొట్టం

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుండగా మా కారు ఆయాసపడింది. యాక్సిలరేటర్ అదిమినకొద్దీ మోతే తప్ప వేగం లేదు. అద్దంలో చూస్తే వెనుక నల్లటి పొగ. కాసేపటికి డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగింది. రెండో గేరులో ఎలాగో కొండెక్కి, దర్శనం చేసుకుని, మర్నాడు మెల్లగా విజయవాడ చేరాం.

నాది 2012 మోడల్ డీజిల్ కారు. ఇంజిన్ 1248 సీసీ, నాలుగు సిలిండర్లు, 4000 ఆర్‌పీఎం దగ్గర 75 పీఎస్ శక్తి, 2000 దగ్గర 190 ఎన్ఎం టార్క్. ఇటలీలో రూపుదిద్దుకున్న ఈ ఇంజిన్‌ను మన దేశంలో చాలా కార్లకు వేర్వేరు పేర్లతో బిగించారు. 2000 ఆర్‌పీఎం లోపు టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంకా, నిద్రలో ఉంటుందని దీన్ని నడిపినవారందరికీ తెలుసు. అందుకే రెండు నెలలుగా పికప్ తగ్గుతున్నా, దీని బుద్ధే ఇంత అని సరిపెట్టుకున్నాను.

మొదట వెళ్లిన వర్క్‌షాపులో స్కానర్ పెడితే పీ0299 కోడ్ వచ్చింది. టర్బో నుంచి రావలసినంత గాలి ఒత్తిడి రావడం లేదని దాని అర్థం. “టర్బో పోయింది సార్” అని తేల్చి, 48 వేల అంచనా కాగితం చేతిలో పెట్టారు. గుండె గుభేల్‌మంది. అయినా కన్ను కింది వరుస మీద ఆగింది: టైమింగ్ బెల్టు మార్పిడి. వాల్వులను సమయానికి కదిలించడానికి ఈ ఇంజిన్‌కు బెల్టు ఉండదు, చైను ఉంటుంది! లేని బెల్టును మార్చేవాళ్లు ఉన్న టర్బోను ఏపాటి చూసి ఉంటారు? కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటపడ్డాను.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న, “పొగ ఏ రంగు సార్?”

నలుపన్నాను.

“నీలమైతే ఆయిల్ కాలుతున్నట్టు. నలుపంటే డీజిల్‌కు సరిపడా గాలి లేదు. గాలి ఎక్కడ పోతోందో ముందు చూద్దాం.”

టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం ఒక కొస మూసి, రెండో వైపు నుంచి కంప్రెసర్ గాలి కొద్దిగా ఎక్కించి, సబ్బు నీళ్లు పూశారు. సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టే. క్లిప్పు పక్కన, అడుగు వైపు నురగ లేచింది. వేలెడు చీలిక. మామూలప్పుడు మూసుకుని ఉండి, ఒత్తిడి పడితేనే నోరు తెరుస్తుంది. బండి నిలబెట్టి ఎంత చూసినా కనబడదు. దాని చుట్టూ పేరుకున్న ఆయిల్ జిడ్డే ఆనవాలట.

టర్బో షాఫ్టునూ వేలితో కదిపి చూపించారు. ఉండవలసినంత వదులే ఉంది, రెక్కలు గోడకు రాసుకోవడం లేదు. పనిలో పనిగా, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు విప్పితే మసి, ఆయిల్ ఆవిరి కలిసి తారులా గడ్డకట్టి ఉన్నాయి. “రోజూ ఎంత దూరం తిప్పుతారు?” ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు, ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తాను. మసికి కారణం దొరికినట్టు ఆయన మారుమాట్లాడకుండా వాల్వు కడగడం మొదలుపెట్టారు.

గొట్టం, క్లిప్పులు, కూలీ కలిపి 4,300 రూపాయలు. కోడ్ తుడిచి హైవే ఎక్కాను. 2000 దాటగానే వీపు సీటుకు అతుక్కుంది, వెనుక పొగ లేదు. ఇప్పుడు ఉదయం స్టార్ట్ చేయగానే ముందు వైపు నుంచి రెండు క్షణాలు గలగలమంటోంది. చైనే అయి ఉంటుంది. వచ్చే నెల మళ్లీ ఆటోనగర్ వెళ్లాలి.