ముద్దు పోరా, నిజం పోరా

మా బాబుకు ఏడేళ్లు. మాది నల్లగొండ పక్కన పల్లె. మూడున్నరేళ్లప్పుడు ఆటిజం అన్నారు. వికలాంగుల సర్టిఫికెట్ కోసం తిరిగింది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకి (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్రం నడిపే సంస్థ) పోయొచ్చింది ఇంకోసారి రాస్తాను. ఎదుటివాళ్ల మనసు పసిగట్టడం వాడికి ఎలా నేర్పామో చెప్తాను.

మొదట బొమ్మల కార్డులు. నవ్వు, ఏడుపు, కోపం, భయం. వారంలో అన్నీ చెప్పేశాడు. నేనెంత సంబరపడ్డానో! ఆ వారమే మా అత్తమ్మ తమ్ముడు పోయాడు. ఆమె ఏడుస్తుంటే వీడు నవ్వుతూ ఆమె బుగ్గ మీది తడిని వేలితో రాస్తూ కూర్చున్నాడు. కార్డులో ఏడుపంటే పెదవులు కిందికి వంగి ఉంటాయి. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది మరి.

మాటలది ఇంకో చిక్కు. అత్తమ్మకు వాడి మీద ముద్దొస్తే "పోరా!" అంటుంది. వాడు నిజంగానే లేచి వాకిట్లోకి వెళ్లిపోయేవాడు. మామయ్యకు చెవుడు, గట్టిగా మాట్లాడతారు. అది కోపమనుకుని మంచం కిందికి దూరేవాడు. "ఏందిరా" అని తిడతాం, "ఏందిరా" అనే మురిసిపోతాం. తేడా అంతా గొంతులోనే. మనకది ఎవరూ నేర్పలేదు, వాడికి నేర్పాల్సి వచ్చింది.

కళ్లలోకి చూడమని గడ్డం పట్టి తిప్పొద్దని థెరపిస్ట్ గట్టిగా చెప్పింది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు అదే పెద్ద ఇబ్బంది, ఆ టెన్షన్‌లో ఇంకేదీ తలకెక్కదు. అందుకే ఏదైనా జరిగినప్పుడే కారణంతో సహా చెప్పడం మొదలుపెట్టాం. "పాలు పొంగినయ్. అమ్మకు చిరాకు. గిన్నె టపీమని పెట్టింది." "తాత గొంతు పెద్దది. చెయ్యి చూడు, నీకు పల్లీలు ఇస్తున్నడు. కోపం లేదు."

ఎనిమిది నెలలు పట్టింది, మంచం కిందికి దూరడం ఆగడానికి. "పోరా" అంటే మాత్రం ఇప్పటికీ ఆగి, "ముద్దు పోరానా, నిజం పోరానా?" అని అడుగుతాడు. అలా అడగడమే నాకు గొప్ప.

అర్థంకాకపోవడం రెండు వైపులా ఉంటుందని, తనకూ ఆటిజం ఉన్న బ్రిటన్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో రాశాడు. నిజమే, వాడి వేళ్లు ఎప్పుడు సంతోషంతో ఆడతాయో, ఎప్పుడు చప్పుడు తట్టుకోలేక ఆడతాయో మాకూ ఆలస్యంగానే తెలిసింది. తట్టుకోలేనప్పుడు ఫ్యాన్ ఆపి, పక్కన ఊరికే కూర్చుంటాం.

మొన్న మా అమ్మకు బాలేదని పుట్టింటి నుంచి ఫోనొచ్చింది. గోడకు ఆనుకుని కూర్చున్నాను. కన్నీళ్లు కూడా రాలేదు. వాడు కొంగు నలుపుతున్న నా వేళ్లను చాలాసేపు చూశాడు. "అమ్మకు బాధ" అన్నాడు. లేచి వెళ్లి ఫ్యాన్ ఆపి, నా పక్కన కూర్చున్నాడు.