బ్యాటు, తెడ్డు

పెట్టె అడుగున పాత స్కూల్ జెర్సీ దొరికింది. ఆ ఒక్క సీజన్‌లో నేను క్రికెట్ టీమ్‌లోనూ, రోయింగ్‌లోనూ ఉన్నాను.

22 గజాల పిచ్ మీద బంతి మన కళ్లెదుటే వస్తుంది. పడవలో వెళ్లే వైపుకు వీపు తిప్పి కూర్చోవాలి. ఎనిమిది మంది తెడ్లు వేస్తుంటే దారి చూసేది చుక్కాని పట్టే కాక్స్ ఒక్కరే. మొదట్లో నాకదే టెన్షన్. బలమంతా చేతుల్లోనే ఉండాలనుకున్నాను. కాదు, సీటు వెనక్కీ ముందుకీ జారుతుంది. ముందు కాళ్లతో తన్నాలి, తర్వాత నడుము, చివర్లోనే చేతులు.

తెడ్డును సమయానికి నీళ్లలోంచి తీయకపోతే ఇరుక్కుపోయి, దాని పిడి వచ్చి పొట్టలో గుద్దుతుంది. 2000 మీటర్ల రేసులో సగం దాటాక నాకదే జరిగింది. పడవ దాదాపు ఆగిపోయింది. ఏడుపొచ్చింది. ముందున్నవాడు తల తిప్పకుండానే "పర్లేదురా, మాతో కలుపు" అన్నాడు.

క్రికెట్‌లో డకౌటైన రోజు పెవిలియన్‌లో ఒక్కడినే కూర్చున్నాను. పడవలో ఒంటరిగా కూర్చునే చోటే లేదు. చివర్లోనే వచ్చాం, నిజమే. కానీ ఆఖరి మీటర్లలో ఎనిమిది తెడ్లూ ఒకేసారి నీళ్లలో పడిన ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.